చెప్పులు మార్చుకున్న పీరియడ్

మొన్న మిర్యాలగూడలో ఎముకల డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి, రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూసి, ఎడమది కొంచెం పొట్టిదైందని తేల్చాడు. ఎలా పడ్డారని అడిగితే, సూర్యాపేట బస్టాండు దగ్గర ఉరికొస్తున్న దున్నపోతుకు అడ్డంపడి ఒక పసివాణ్ణి కాపాడానని చెప్పాను. ఆయన నమ్మి, నర్సును పిలిచి మరీ చెప్పాడు. నిజానికి స్నానాల గదిలో సబ్బు మీద కాలేశాను. ఆ సబ్బు కూడా నేను జారవిడిచిందే. ఎడమ చెప్పు అడుగున ఒక పొర ఎక్కువ వేయించుకుంటే నడక సర్దుకుంటుందన్నాడు. సూర్యాపేటకు తిరిగొచ్చి, మార్కెట్ రోడ్డు మూలన చెప్పులు కుట్టే ఆయన దగ్గర కూర్చున్నాను. ఆయన రబ్బరు ముక్క కోసి, అంటించి, మేకులు కొట్టి, "ఏసుకొని నడువుండ్రి, ఎట్లున్నదో చెప్పుండ్రి" అన్నాడు. నాలుగడుగులు నడిచాను. ఒక చెప్పు ఎత్తు, ఒకటి పల్లం. ఇలాంటి జతే వేసుకొని నడిచిన ఒక పిల్ల జ్ఞాపకం వచ్చింది.

ఆ పిల్ల సంగతి చెప్పాలంటే ముందు మా చిన్న కోడలి సంగతి చెప్పాలి. కోదాడ అమ్మాయి. మోతె దాటాక ఒక ఊళ్లో సర్కారు బడి టీచరు. ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఊరు ఒక్కటే అట్లాంటిదనుకుంటారు. నేనూ ఆ వృత్తిలోనే ముసలివాణ్ణయ్యాను. ఆత్మకూర్‌లో ఏళ్ల తరబడి హెడ్మాస్టరుగా చేశానని కొత్తవాళ్లకు చెబుతుంటాను. చేసింది తెలుగు పంతులుగిరీ. హెడ్మాస్టరు సెలవు పెట్టినప్పుడు ఆయన కుర్చీలో కూర్చొని చూసేవాణ్ణి, అంతే. కరోనా పోయి బళ్లు తెరిచిన రోజుల్లో మా కోడలిని కోదాడలో ఒక శిక్షణకు పిలిచారు. లెక్కలూ సైన్సూ కాదు, మనసు గురించి. పక్కవాడి బాధ తన బాధగా తోచడం, తనలా లేనివాణ్ణి కూడా తనతో కూర్చోబెట్టుకోవడం పిల్లలకు వాటంతటవే వస్తాయని వదిలేయకూడదట. ఎక్కాల్లాగా రోజూ సాధన చేయించాలట. దానికి ఆటలున్నాయట. నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. మర్నాడే మా ఫ్రిజ్ తలుపు మీద రంగుల చక్రం వెలిసింది. పొద్దున్నే "మామయ్యా, ఈరోజు మీ మనసు ఏ రంగులో ఉందండీ?" అని అడిగేది. ఎరుపంటే కోపం, పసుపంటే సంతోషం, నీలమంటే దిగులు. నీలం అన్నవాళ్లకు రెండోసారి చాయ్ దొరుకుతుందని కనిపెట్టి నేను చాలా రోజులు నీలంగానే బతికాను. మా అబ్బాయి పసుపు మీద వేలు పెట్టి ఆఫీసుకు పారిపోయేవాడు. ఒకరోజు చాయ్ గ్లాసు నా ముందు పెడుతూ, నేను అబద్ధం చెబుతున్నానని తనకు ఎప్పుడో తెలుసనీ, అయినా అడగడం తన పని అనీ మెల్లగా అంది. ఆ పూట మాత్రం నిజంగానే నీలమయ్యాను.

శనివారాలు పిల్లలకు కథలు చెప్పడానికి నన్నూ స్కూటీ వెనక కూర్చోబెట్టుకొని పోయేది. నా కథలు వినడానికి చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు కూడా వచ్చేవారు. అంటే, పక్క ఊరి పిల్ల ఒకతె అమ్మమ్మ ఇంటికొచ్చి ఒక్కసారి కూర్చుంది. ఏడో తరగతిలో కిటికీ పక్కన ఉండేది నేను చెప్పబోయే పిల్ల. చర్చి వాడ నుంచి వచ్చేది. పుట్టుకతోనే ఒక కాలు పొట్టి. దవాఖాన క్యాంపులో కొలత తీసుకొని ఒక జత కుట్టించి ఇచ్చారు. కుడిది మామూలు చెప్పు, ఎడమదానికి ఇటుకంత మందం అడుగు, మడమ చుట్టూ పట్టీలు. అందరికన్నా ముందు బడికొచ్చేది, అందరూ పోయాక లేచేది. నడక ఎవరి కంటా పడకుండా ఆ పిల్ల చేసుకున్న ఏర్పాటు అది. నోరు మాత్రం పొట్టిది కాదు. కుంటిదానా అన్న పిల్లవాణ్ణి, "నాకు కాలే పొట్టిరా, నీకు బుర్రే పొట్టి" అని కూర్చున్న చోటి నుంచే కూర్చోబెట్టింది. నన్నూ వదల్లేదు. "తాతా, పోయిన వారమే పులి సచ్చింది గద, మల్లెట్లొచ్చింది?" అని అడిగితే, ఇది దాని తమ్ముడని తప్పించుకున్నాను.

కుంటిదానా అన్న ఆ పిల్లవాడు ఊళ్లో పెద్ద ఇంటి మనవడు. బస్సెక్కితే వాంతులవుతాయని వాణ్ణి సూర్యాపేట ప్రైవేటు బడికి పంపకుండా ఊరి బడిలోనే ఉంచారు. ఆ పిల్ల వాళ్ల నాన్న ఆ పెద్ద ఇంట్లోనే ట్రాక్టర్ డ్రైవర్. ఆ ఊరి బడి ఏడో తరగతితో ఆగిపోతుంది. ఎనిమిదికి పక్క ఊరి పెద్ద బడికి రోడ్డు వెంట గుంపుగా నడిచిపోవాలి. నలుగురితో కలిసి నలుగురి ముందు నడవడానికి ఆ పిల్ల సిద్ధపడకపోతే చదువు అక్కడితో ఖతం. మా కోడలి తపనంతా దాని గురించే.

శిక్షణ పుస్తకంలో ఒక ఆట ఉంది. చీటీలు తీసి పిల్లల్ని ఇద్దరిద్దరిగా జతకట్టాలి. ఒకరి చెప్పులు ఒకరు వేసుకొని కొంత దూరం నడిచి రావాలి. తర్వాత గుండ్రంగా కూర్చొని ఎలా అనిపించిందో చెప్పాలి. ఈ ఆట నేనే కనిపెట్టానని మా వీధిలో చాలామందికి చెప్పాను. నేను చేసిందల్లా చీటీలు మడవడం. ఏ దేశంలో రాశారో గాని, అక్కడ చెప్పులంటే వట్టి చెప్పులే కావచ్చు. మా దగ్గర కాదు. ఆ బడి గుమ్మం ముందు పిల్లలు విడిచే చెప్పులు కూడా వాడల వారీగా వేరువేరు కుప్పలుగా ఉండేవి. నేను ప్రతి శనివారం చూసి దాటిపోయేవాణ్ణి. పెద్ద ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు చర్చి వాడ వాళ్లు చెప్పులు చేత పట్టుకునే రోజులు నా చిన్నప్పటివి. ఇప్పుడు పట్టుకోమని ఎవరూ అనరు. అయినా ఆ పిల్ల వాళ్ల నాన్న ఆ వాకిట్లో ట్రాక్టర్ దిగితే చెప్పులు పైనే వదిలి దిగుతాడు. ఎందుకయ్యా అంటే అలవాటు సార్ అంటాడు. కోడలు కోదాడలో టౌను పిల్లగా పెరిగింది, ఆమెకు ఇవేవీ తట్టలేదు. అన్నీ తెలిసిన నాకూ తట్టలేదు. చీటీ విప్పితే ఆ పిల్లకూ పెద్ద ఇంటి మనవడికీ జత పడింది. భలే పడిందని చప్పట్లు కొట్టాను.

పట్టీలు ఎలా విప్పాలో వాడికి తెలియలేదు. అరుగు మీద కూర్చున్న ఆ పిల్ల కాలి దగ్గర గొంతుకూర్చొని, ఆమె చెబుతుంటే ఒక్కో పట్టీ విప్పాడు. మా కోడలు ఫోటో తీసింది. వాడు ఆ జత వేసుకొని బోరింగు దాకా నడిచాడు. మొదట అందరూ నవ్వారు, వాడూ కావాలని ఎగిరెగిరి కుంటుతూ నవ్వించాడు. సగం దూరంలో ఆ ఎగరడం ఆగిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు గోడ పట్టుకున్నాడు. వాడి బూట్లు వేసుకున్న ఆ పిల్ల గుమ్మం దాటలేదు, అక్కడే రెండడుగులు వేసి ఆగింది. గుండ్రంగా కూర్చున్నాక కోడలు అడిగితే వాడు తల వంచుకొని, "నడుం గుంజుతున్నది టీచర్. బోరింగు కాడికే గిట్లుంటె, రోజు ఇంటికాడికెల్లి ఎట్లొస్తున్నదో" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్లను అడిగితే, "మెత్తగున్నయి టీచర్. గని నడువస్తలేదు. నావి నాకిప్పియ్యి" అంది. అప్పుడు అందరూ నవ్వారు, ఆ పిల్ల కూడా. ఆ సాయంత్రం గంట కొట్టగానే ఆ పిల్ల అందరితోపాటు లేచింది. మరుసటి వారం నేను పోయేసరికి పెద్ద ఇంటి మనవడు ఆ పిల్ల పక్కన, ఆ పిల్ల అడుగుకు తన అడుగు తగ్గించుకొని నడుస్తున్నాడు. స్కూటీ మీద కోడలు వెనక్కి తిరగకుండానే, "ఎనిమిదికి వెళ్తుంది మామయ్యా, చూడండి" అంది.

ఆ ఫోటోను కోడలు టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందరూ బొటనవేళ్లు పెట్టారు. ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు నడిచి అది ఆ ఊరికే తిరిగొచ్చింది. ఫోటోలో ఆట కనబడదు. కనబడేది ఒకటే: డ్రైవర్ కూతురు అరుగు మీద కూర్చుంటే, పెద్ద ఇంటి మనవడు కింద కూర్చొని ఆమె చెప్పు పట్టుకున్నాడు. ఎవరూ గొడవ చేయలేదు. గొడవ చేసి ఉంటే ఎంత బాగుండేదో. ఆ ఇంటి పెద్దాయన దారిలో నన్ను చూసి కారాపి, మర్యాదగా దిగి, "పంతులుగారూ, పిల్లలకు ఆటలంటే కబడ్డీ ఆడిపియ్యుండ్రి. చెప్పులాటలు మనకెందుకు" అన్నాడు. కాలం మారింది దొరా, మీరే మారలేదు అని నడిరోడ్డు మీద ఉరిమాను. ఇది ఇప్పటిదాకా నేను చెప్పుకుంటూ వచ్చిన మాట. ఆ రోజు నా నోటి నుంచి వచ్చింది, ఎండలు ముదిరినాయండీ అని. ఆయన అవునన్నాడు. సోమవారం నుంచి మనవణ్ణి, చేతిలో ఒక పాలిథిన్ కవరు పెట్టి, ప్రైవేటు బడి బస్సెక్కించారు.

ఆ వారంలోనే ఆ పిల్ల వాళ్ల నాన్న బడికొచ్చాడు. చెప్పులు గేటు దగ్గరే విడిచాడు. పిల్లను మాన్పిస్తున్నానన్నాడు. ఆ ఇంట్లో ఏమన్నారని కోడలు పదేపదే అడిగింది. చివరికి, "నన్ను ఎవ్వలు ఏమనలే మేడం. మీరు మంచికే చేసిండ్రు, నాకెరుకే. గంతే, రోజు పొద్దుగాల ట్రాక్టర్ తాళంచెయ్యి ఇస్తరు గద, రెండొద్దులాయె, ఇయ్యలే" అన్నాడు. పిల్లను మిర్యాలగూడలో తన అక్క దగ్గర ఉంచుతానన్నాడు. పరీక్షలయ్యేదాకా ఆగమని కోడలు చేతులు పట్టుకున్నంత పని చేసింది. నిలబడే విని, వెళ్లబోతూ ఆ ఫోటో ఎవరి దగ్గరన్నా ఉంటే తీసెయ్యమనమని వేడుకున్నాడు. కోడలు తన ఫోనులోంచి అప్పుడే తీసేసింది. మిగతావాళ్ల ఫోన్లు ఆమె చేతిలో లేవు. పిల్ల ఊరు దాటిన మర్నాడు ఆయనకు తాళంచెవి దొరికింది.

ఆ ఫోటోను తర్వాతి శిక్షణలో పెద్ద తెర మీద చూపించారట, సహానుభూతికి మంచి ఉదాహరణ అని. మా కోడలు ఆ హాల్లోనే వెనక వరసలో కూర్చుంది. చప్పట్లు కొట్టారట. ఆ పిల్లలిద్దరూ ఇప్పుడెక్కడున్నారని ఎవరూ అడగలేదట. ఇంటికొచ్చి నాకిది చెప్పి, వంటింట్లోకి పోయి గిన్నెలు తోమింది. తోమినవే మళ్లీ తోమింది.

వేసవి సెలవుల్లో ఇద్దరం మిర్యాలగూడ పోయాం. రైసుమిల్లుల వెనక సందులో మేనత్త ఇల్లు. ఆ పిల్లను ఆటోలో ఎక్కించుకొని సూర్యాపేట తెచ్చి, మా ఇంట్లో ఉంచి చదివించామని, ఇప్పుడు ఇంటర్ చదువుతోందని ఇంతకుముందు ఈ వాక్యం దగ్గర రాసుకున్నాను. రాసి, రెండు రోజులు చదువుకొని సంతోషపడి, కొట్టేశాను. నిజం ఇది. ఆ పిల్ల చంకలో మేనత్త బిడ్డను ఎత్తుకొని వాకిట్లోకి వచ్చింది. వట్టి కాళ్లు. పాదం పెరిగి ఆ జత పట్టడం లేదట. పొట్టి కాలి మునివేళ్ల మీద నిలబడింది. కోడలు లోపలికి రాబోతే అడ్డంగా నిలబడి, "మీరు రాకుండ్రి టీచర్. మీరొచ్చిండ్రని తెలిస్తె నాయిన పరేషానైతడు" అంది. కోడలు గడప బయటే ఆగిపోయింది. నేనే కొత్త చెప్పుల మాట, బడి మాట ఏదో ఎత్తాను. ఆ పిల్ల విననట్టే బిడ్డను ఇంకో చంకకు మార్చుకొని, "వానికి బస్సుల వాంతులు తగ్గినయా టీచర్?" అని అడిగింది.

తగ్గాయని కోడలు చెప్పింది. అది అబద్ధమని నాకు తెలుసు. వాడు బడి బస్సులో కిటికీ పక్కన కవరు పట్టుకొని కూర్చోవడం నేను చూశాను. ఆ పిల్ల ఊరటగా తలూపి లోపలికి పోయింది. మేం చెప్పాలనుకున్న పాఠం ఆ ఊరిలో ఒక్కరికే పూర్తిగా వచ్చింది, ఆ ఒక్కరినే బడి మాన్పించారు. ఊళ్లు మారడానికి కాలం పడుతుందని మా తరం వాళ్లం తలపండిన గొంతుతో చెబుతుంటాం. ఆ కాలం మన వయసులోంచి పోదు, ఏడో తరగతి పిల్లల వయసులోంచి పోతుంది.