హీరాలాల్ సార్‌కు నచ్చని ప్రశ్నలు

హీరాలాల్ సార్ ఏ ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పేవాడు కాదు. ఎవరేం అడిగినా ముందు ఆ ప్రశ్నకు మరమ్మతు మొదలుపెట్టేవాడు. "గట్ల కాదు, మళ్ళ అడుగు" అనేవాడు. భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో ఆయన సైన్సు చెప్పేవాడు, నేను తెలుగు.

నేను చేరిన రోజున వైరా నుంచి బస్సులు మారి, పెట్టె మోసుకుంటూ వచ్చి ఆయన్నే అడిగాను.

"సార్, స్టాఫ్ రూమ్ ఎక్కడ?"

"మీకు రూమ్ కావాల్నా మేడమ్, కూసునే జాగ కావాల్నా?"

"రెండూ ఒకటే కదా సార్!"

"కాదు. రూమ్ గదో, ఆడున్నది. అండ్ల కుర్చీల్లేవు. సరిగ్గ అడిగితే ముందే చెప్పేటోణ్ణి."

పెట్టె మీదే కూర్చున్నాను.

బస్టాండులో ఆయన పక్కన నిలబడటం ఇంకా కష్టం. ఒకసారి ఎవరో ముసలాయన విచారణ కిటికీ దగ్గర "బస్సు ఎప్పుడొస్తది?" అని అడిగితే, లోపలి మనిషి తలెత్తకుండా "వస్తది" అన్నాడు. మా సార్ ఊరుకోలేదు. "తాతా, గట్లడిగితే గట్లనే చెప్తడు. బండి డిపోలకెల్లి బయలెల్లిందా, లేదా? గది అడుగు" అని మళ్ళీ పంపాడు. అసలు బయల్దేరనే లేదని తేలింది. లోపలి మనిషి కిటికీ మూసేశాడు. మిగతా వాళ్ళం మా బస్సుల సంగతి ఏమీ తెలియకుండా సాయంత్రం దాకా నిలబడ్డాం.

ఇంట్లో ఆయన భార్య ద్వాలి. "ఏం కూర చెయ్యమంటవ్?" అని ఆమె అడిగితే, "ఇంట్ల ఏమేం కూరలున్నయో చెప్పి అడుగు" అన్నాడట.

"ఇంట్ల ఏం లేవు. ఇగ నువ్వడుగు" అందట ద్వాలి. ఆ పూట ఏమీ అడక్కుండా పచ్చడి మెతుకులు తిన్నాడు.

మొదట్లో మా పిల్లలకు అన్ని పాఠాలకూ కలిపి ఒకటే వాక్యం ఉండేది: "అర్థమయింది సార్." ఇంట్లో మాట కోయ, పుస్తకంలో మాట వేరు. అడిగితే తిడతారని భయం. అందుకని అందరూ ఒక్క గొంతుతో అర్థమయిందనేవాళ్ళు. మేమూ సంతోషంగా పేజీ తిప్పేవాళ్ళం.

హీరాలాల్ సార్ అడవిలో మద్ది చెట్టు మీద దొరికిన పట్టుపురుగు గూడు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "చెప్పుడు నా పని కాదు. అడుగుడు మీ పని" అన్నాడు. పోతయ్య బిడ్డ శ్యామల లేచింది.

"ఇదేంది సార్?"

"మళ్ళ అడుగు."

"ఇండ్ల ఏమున్నది సార్?"

"ఇంకా మంచిగ."

"దీన్ని ముట్టుకోకుంట ఇట్లనే ఉంచితే ఏమైతది సార్?"

"గిదీ!" అని సార్ బల్ల చరిచాడు. జవాబు మాత్రం చెప్పలేదు. గూడును కిటికీలో పెట్టమన్నాడు. ఒకరోజు మా హెడ్మాస్టరు ఉదయ్ భాస్కర్ గారు తనిఖీకి క్లాసులోకి రాగానే, జవాబు దానంతటదే ఎగిరొచ్చి ఆయన తెల్ల చొక్కా మీద వాలింది. అరచేయంత రెక్కలు. ఆయన అరిచిన అరుపుకు వంటమనిషి కూడా పరిగెత్తుకొచ్చాడు.

"ముందు సిలబస్ సంగతి చెప్పండి. ఎప్పుడు అయిపోతుంది?" అన్నాడు హెడ్మాస్టరు, చొక్కా దులుపుకుంటూ.

"ఎవలికి సార్? మనకా, పిల్లలకా?"

అప్పటికి నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు.

పై నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆ రోజు గుడ్లు ఉడికాయి, ముగ్గులు పడ్డాయి. ఆయన పిల్లల మధ్య నిలబడి, ఫోటో తీసేవాడి వైపు చూస్తూ "భోజనం బాగుంటోందా?" అని అడిగాడు. శ్యామల లేచింది.

"ఇయ్యాల్టిదా సార్, రోజుటిదా?"

హెడ్మాస్టరు కూర్చోమని సైగ చేశాడు. శ్యామల ఆగలేదు. "బోరు చెడిపోయింది సార్. వాగు నీళ్ళు తాగుతున్నం. ఎప్పుడు బాగుచేస్తరని అడిగితే చేస్తమంటరు. అది బాగుచేసుడు ఎవరి పని సార్? ఆయన పేరేంది?"

బోరు బాగుచేయడం ఆ వచ్చినాయన పనే. ఆ సంగతి ఆయన చెప్పలేదు. "పిల్లలకు క్రమశిక్షణ నేర్పడం లేదు" అని మాత్రం చెప్పి, భోంచేయకుండా కారెక్కాడు. గుడ్లు మేం తిన్నాం. రుచి తెలియలేదు.

వారం తిరిగేసరికి హీరాలాల్ సార్‌కు బదిలీ ఆర్డరు వచ్చింది, బస్సు కూడా వెళ్ళని గుట్ట మీది బడికి. బోరు కదల్లేదు, ఆయన కదిలాడు. ఆటో ఎక్కుతుంటే పిల్లలు చుట్టుముట్టారు. "మిమ్మల్ని ఎందుకు పంపుతున్నరు సార్?" అని శ్యామల అడిగింది. మళ్ళీ అడగమంటాడని అందరం చూశాం. అనలేదు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ద్వాలి సామాన్ల మీద చెయ్యి వేసుకుని ఎటో చూస్తూ కూర్చుంది.

తర్వాత మా బడి ప్రశాంతంగా ఉంది. "అర్థమయింది సార్" మళ్ళీ వినిపించసాగింది.

వానాకాలంలో శ్యామల తల్లి జంపక్కకు జ్వరం ముదిరి, దవాఖానాలో చేర్చారు. ఏ దవాఖానా అన్నది ఇక్కడ అనవసరం. కబురు తెలిసి శ్యామలను వెంటబెట్టుకుని వెళ్ళాను. శ్యామల తండ్రి పోతయ్య గోడవారన నిలబడి, వచ్చేపోయే తెల్లకోటు ప్రతిదాన్నీ "సారూ, మంచిగైతదా?" అని అడుగుతున్నాడు. "చూద్దాం", "అవుతుంది", "పక్కకు జరుగు" అని ప్రతిదీ ఏదో ఒకటి అంటోంది.

పొద్దుటి నుంచి ఏమేం చేశారో తండ్రిని అడిగి తెలుసుకుని, శ్యామల డాక్టరుకు ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"సార్, మా అమ్మకు పొద్దుగాల రక్తం తీసిండ్రు. అది పరీక్షకు పోయిందా, ఇంకా ఈడనే ఉన్నదా?"

డాక్టరు నర్సు వైపు చూశాడు. నర్సు ట్రే వైపు చూసింది. సీసా అందులోనే ఉంది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. మలేరియా అని తేలింది, మందు ఎక్కింది. సాయంత్రం నేను బయటికొచ్చి హీరాలాల్ సార్‌కు ఫోన్ చేశాను.

"ఏమడిగింది మేడమ్? ఒక్క మాట ఇడువకుండ చెప్పుండ్రి" అన్నాడు. చెప్పాను.

"మా అమ్మను గిట్లనే దవాఖానల చేర్చినం. నేను చిన్న పోరణ్ణి. మంచిగున్నదా అని మా బాపు పొద్దంత అడిగిండు. మంచిగున్నది అన్నరు పొద్దంత. అమ్మ పొద్దుగాలనే పోయింది మేడమ్. ఎవలూ అబద్ధం చెప్పాలని చెప్పలే. గట్లడిగితే గట్లనే చెప్తరు."

ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని లోపలికి నడిచాను. జంపక్క కళ్ళు తెరిచి గంజి తాగుతోంది. డాక్టరు మంచం పక్కన స్టూలు వేసుకుని, ఏ మాత్ర ఎప్పుడు వేయాలో, ఏ గుర్తు కనిపిస్తే వెంటనే తీసుకురావాలో శ్యామలకు ఒక్కొక్కటే వివరిస్తున్నాడు. అంతా అయ్యాక ఆయనే, కొంచెం బెరుగ్గా, "ఇంకేమైనా అడగాలా?" అన్నాడు.

గోడవారన ఉన్న పోతయ్య ముందుకొచ్చాడు. తలపాగా విప్పి చేతుల్లో పట్టుకుని, కూతురి వైపోసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"నేనొకటి అడుగుత సారూ. పొద్దుగాలకెల్లి గీడనే తిరుగుతున్నవ్. నువ్వేమన్న తిన్నవా?"