వదిన మాట్లాడిన టేపులు

గత సంచికలో మా వదిన పోయిన వార్త వేస్తూ, సంపాదకులు గారూ, ఆవిడను "మితభాషి" అని రాశారు. పాఠకులందరి ముందూ రాశారు కాబట్టి అందరి ముందే దిద్దుతున్నాను. మా అన్న భార్య మితభాషి కాదు. ఆఖరి ఏళ్ళలో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మీరు ఆవిడను చూసింది అప్పుడే. మాట పోయిన మనిషిని మితభాషి అనడం, కాలు విరిగినవాణ్ణి స్థిరచిత్తుడు అనడం లాంటిది.

పోయిన నెల ఒక ఉదయం, ముందు పెట్టిన కాఫీ చల్లారేలోగా వెళ్ళిపోయింది. మీకు తెలిసిన వదిన కిటికీ దగ్గర కుర్చీలో కూచుని వచ్చినవాళ్ళకు తలాడించే ముసలావిడ. నాకు తెలిసిన వదిన టేపుల్లో ఉంది.

మా అన్నకు కోయంబత్తూరు పక్కన పోదనూరులో పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే స్టూడియో ఉండేది. ఆ రోజుల్లో మంగళవారం సాయంత్రం టీవీలో ఒక తమిళ హాస్య సీరియల్ వచ్చేది. విందుకని అత్తారింటికి వచ్చి, ఇక అక్కడే ఉండిపోయిన అల్లుడి కథ. ఆ వేళకు మా వీధిలో తెలుగిళ్ళకు చుట్టాలెవరూ వచ్చేవారు కారు. వస్తే మంచినీళ్ళు కూడా దొరకవని తెలుసు. నేను బడిలో పిల్లలకు పాఠాలు చెప్పడం ముగించుకుని నేరుగా అన్న ఇంటికే పోయేదాన్ని.

ఆ సీరియల్‌ను దాచుకోవాలని అన్న ఒక వీడియో పెట్టె కొనుక్కొచ్చాడు. ఇంటికి తెచ్చాక తెలిసింది, అది టేపును చూపిస్తుందే తప్ప టీవీలో వచ్చేదాన్ని పట్టుకోదని. కొన్న వస్తువును వెనక్కి ఇవ్వడం మా వంశంలో లేదు. పెళ్ళిళ్ళు తీసే కెమెరా తెచ్చి, స్టాండు మీద పెట్టి, టీవీ ఎదుట నిలబెట్టాడు. పెళ్ళికొడుకును సరిచూసినట్టు టీవీని సరిచూసి, "ఎవురూ నోరు తెరవకండి. కెమెరా మీ మాటలు కూడా పట్టుకుంటాది" అన్నాడు.

అందరం నోరు మూసుకున్నాం, వదిన తప్ప.

తెర మీద తమిళంలో ఎవరేమన్నా దాన్ని వెంటనే మా ఇంటి తెలుగులోకి తిప్పి మా అమ్మకు చెప్పడం వదిన అలవాటు. మా అమ్మకు తమిళం రాదనుకోకండి. ఒట్టన్‌చత్రం కూరగాయల మండీలో తమిళంలోనే బేరమాడి వ్యాపారుల్ని ఏడిపించిన మనిషి. అయినా వదిన చెప్పాల్సిందే. అన్న విసుక్కుంటే అమ్మే అంది, "వాడు చెప్పేది నాకూ తెలుస్తాది రా. ఈ పిల్ల చెప్తేనే నగువస్తాది."

టేపు తర్వాత చూసుకోవచ్చు కదా, అప్పుడు చెప్పొచ్చు కదా అని నేనూ ఒకసారి అన్నాను. వదిన నన్ను వింతగా చూసింది. "నగువచ్చినప్పుడే చెప్పాల అమ్మిణీ. రేపు చెప్తే అది వార్త" అంది.

పాత పెళ్ళి టేపుల మీదే తీశాడు కాబట్టి ప్రతి టేపు మొదట్లోనూ ఎవరిదో పెళ్ళి బంతి కాస్త మిగిలి ఉంటుంది. ఒకదాంట్లో అరటాకు ముందు ఒక పెద్దాయన పాయసం వద్దంటూ చెయ్యి అడ్డం పెడతాడు. ఆయన చెయ్యి తీసేలోగా మా టీవీ వచ్చేస్తుంది. బొమ్మ మీద నల్లటి చారలు పైకి పాకుతుంటాయి, మొహాలు సొరకాయల్లా సాగి ఉంటాయి. మాకందరికీ ఇష్టమైన నీళ్ళ బిందె ఎపిసోడు ఆ పెద్దాయన టేపులోదే. నీళ్ళు పట్టుకు రావాల్సి వస్తుందని అల్లుడు దుప్పటి కప్పుకుని మూలుగుతుంటాడు. నొప్పి ఎక్కడని మామ అడుగుతాడు. అల్లుడు ఖాళీ బిందె వైపు చెయ్యి చూపిస్తాడు. సీరియల్‌లో ఉన్నది అంతే. టేపులో ఉన్నది ఇది:

"అత్తా, నొప్పి యాడుండాదని మామ అడుగుతాండాడు. ఈ సోంబేరి బిందె చూపిస్తాండాడు."

"మనోడి మాదిరే," అంటుంది అమ్మ.

"సుమ్మా ఉండండే ఇద్దురూ. టేపు తిరుగుతాండాది," అంటాడు అన్న.

"తిరగనీండి. దానికి నోరు లేదు, నాకుండాది."

అంతలో కుక్కరు కూస్తుంది. "అమ్మిణీ, పొయ్యి ఆపు" అని వదిన గొంతే. ఆ అమ్మిణి నేను. ఆ తర్వాత వినపడేది నా చెప్పుల చప్పుడు.

అన్న పోయాక వదిన ఆ టేపులు ఒక్కతే పెట్టుకునేది. నవ్వడానికనుకున్నాను. ఒకరోజు పక్కన కూచుంటే తెలిసింది. అన్న కసురుకునే చోటు వచ్చేసరికి కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఎంత తిట్టినాడో చూడు. ఇన్ని మాటలన్న మనిషి, పొయ్యేప్పుడు ఒక్క మాట చెప్పకుండా పొయినాడు" అంది.

తర్వాత ఆవిడ మాటే పోయింది. ఇంటికొచ్చి మాట నేర్పే అమ్మాయి "ఆ అనండి, ఊ అనండి" అంటే మొహం గోడవైపు తిప్పుకునేది. ఉడుమలైపేట కొబ్బరితోటల్లో ఈ చివరనుంచి ఆ చివరకు కేకేసి పెరిగిన మనిషిని ఆ, ఊ అనమంటే ఎలా అంటుంది? ఏం చేయాలో తోచక ఒక మంగళవారం నీళ్ళ బిందె టేపు పెట్టాను. టీవీలోంచి ఆవిడ గొంతే వచ్చింది. వదిన టీవీని చూసింది, నన్ను చూసింది. తర్వాత పెదాలు కదిలాయి. చప్పుడు లేదు. టేపులో గొంతు రావడానికి ఒక్క క్షణం ముందే ఆ మాటలు పెదాల మీదికి వచ్చేస్తున్నాయి. నవ్వు వచ్చే చోట నవ్వింది కూడా. పక్షవాతం నవ్వులో సగమే తీసుకుంది.

అప్పటినుంచి ప్రతి మంగళవారం అదే. నేను మా అమ్మ వేషం వేసేదాన్ని. తమిళం రానట్టు, "ఏమంటాండాడు వదినా?" అని అడిగేదాన్ని. పెదాలు ఆవిడవి, గొంతు టేపుది. నాకు రెండూ కలిసి జవాబొచ్చేది.

కర్మలన్నీ అయ్యాక ఒక మంగళవారం మళ్ళీ ఆ టేపు పెట్టాను. పాయసం వద్దనే పెద్దాయన వచ్చాడు. ఆయన తర్వాత తెరంతా తెల్లబడి, పెట్టె గరగరమని ఆగిపోయింది. టేపు తీసి చూస్తే అంచున బూజు. మిగతావాటికీ పట్టింది. ఊరందరి పెళ్ళిళ్ళూ తీసిన ఇంట్లో వదిన గొంతు ఇంకెక్కడా లేదు. ఉన్నదంతా అన్న వద్దన్న చోటే ఉంది.

పరామర్శకు వచ్చినప్పుడు మీరన్నారు, "ఆ సీరియల్ మొత్తం ఇప్పుడు ఫోన్‌లోనే శుభ్రంగా దొరుకుతుంది అవ్వా, ఈ టేపులెందుకు" అని. నా మనవరాలి ఫోన్‌లో చూశాను. నిజమే, మొహాలు గుండ్రంగా ఉన్నాయి, రంగులు బాగున్నాయి. మామ నొప్పి ఎక్కడని అడిగాడు. అల్లుడు బిందె చూపించాడు. నేను ఆగాను. వాడేమంటున్నాడో నాకు ఎవరూ చెప్పలేదు. కథ ముందుకు పోయింది.

పాత టేపుల్ని బూజు తుడిచి కంప్యూటర్‌లోకి ఎక్కించే దుకాణం కోయంబత్తూరులో ఒకటి మీకు తెలుసన్నారు కదా. ఆదివారం వచ్చి వీటిని పట్టుకెళ్ళండి. ప్లాస్టిక్ సంచి తేవద్దు, చెమ్మ పడుతుంది. వదిన పాత నూలు చీరలో చుట్టి ఉంచాను. బండి మీద ఎండలో వద్దు, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళండి. బొమ్మ ఎలా వచ్చినా పరవాలేదని చెప్పండి. వెనకాల గోల తీసేసి సీరియల్ మాటలు మాత్రం ఉంచుతామంటారు, అది వాళ్ళ అలవాటట. ఏదీ తీయవద్దని గట్టిగా చెప్పండి. కుక్కరు కూత కూడా. నీళ్ళ బిందె టేపుకు ఎర్ర దారం కట్టాను. దాన్ని మాత్రం దుకాణంలోనే నిలబడి వినండి. మామ నొప్పి ఎక్కడని అడుగుతాడు. వెనకనుంచి మా వదిన చెప్పడం వినిపిస్తేనే ఇంటికి తీసుకురండి.