ఎర్ర టిక్కు పెట్టిన బోర్డు

ఎస్తేరమ్మకు కోపం ఎక్కువని ఉదయగిరిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ కోపం ఊరికే రాదని మాత్రం ఆమె దగ్గర టైపు నేర్చుకున్నవాళ్ళకే తెలుసు. వేళ్ళ వంక చూస్తూ కొడితే ఆమెకు కోపం. కాగితం వంకరగా ఎక్కిస్తే కోపం. తప్పు కొట్టి, రబ్బరుతో చెరిపి, ఏమీ ఎరగనట్టు మొహం పెడితే మాత్రం ఆ పూట వాడి పని అయిపోయినట్టే. బస్టాండు వెనక సందులో, ఇంటి ముందు గదిలోనే ఇరవై రెండేళ్ళుగా నడుస్తున్న ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెల్లారి ఆరు గంటల నుంచే ఎనిమిది మిషన్లు టకటకలాడేవి. ఎమ్మార్వో ఆఫీసు గుమస్తాల్లో సగం మంది ఆమె చేత తిట్లు తిని పైకొచ్చినవాళ్ళే.

ఆమె లోకమంతా రెండింటిలో ఉండేది, ఒక ఎర్ర పెన్సిలు, ఒక గోడ. తప్పులేని కాగితం మీద ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టి పక్కన 'ఎ' అని పొడి సంతకం చేసేది. పరీక్ష పాసైనవాళ్ళ పేరూ సంవత్సరమూ గోడ మీద నీలం రంగుతో రాయించేది. ఆ టిక్కు కోసం, ఆ గోడ మీద పేరు కోసం పిల్లలు ఏడ్చిన రోజులున్నాయి.

తొంభై తొమ్మిదో సంవత్సరం వచ్చేసరికి ఆ గోడ మీద కొత్త పేర్లు పడడం ఆగిపోయింది. ఎనిమిది మిషన్లకు ఐదుగురు మిగిలారు. "కంప్యూటర్ లేకుండా ఏంది టీచర్, రేపు ఆఫీసుల్లో మిషన్లే ఉండవంట" అని ఒకడు మొహం మీదే అనేశాడు. ఆమెకు ఒళ్ళు మండింది, కానీ వాడన్నది అబద్ధం కాదు. ఆ వారంలోనే నాలుగు మిషన్లు అమ్మేసి కంప్యూటర్ కొనడానికి సిద్ధపడింది.

అయితే ఆమెకు కావలసింది ఏదో ఒక కంప్యూటర్ కాదు. ఆత్మకూరులో ప్రెస్సు నడిపి, కళ్ళు కనపడక మానేసిన పెంచలనరసింహం ఆమెకు ఒక తెలుగు కార్డు ఇచ్చాడు. జానెడున్నర పొడుగు పచ్చ పలక, కింద బంగారు రంగు పళ్ళు. అది లోపల పెడితే కంప్యూటర్ మీద తెలుగు అక్షరాలు సరిగ్గా టైపు మిషన్‌లో ఉన్న చోటనే వస్తాయి. ఇరవై రెండేళ్ళుగా ఆమె వేళ్ళు వెతుక్కోకుండా పోయే చోటు అది, ఆమె నేర్పిన చోటు అది. ఆ కార్డు ఎక్కితే ఆమె ఇంకా టీచరే. ఎక్కకపోతే నాలుగు పాత మిషన్ల ముందు కూర్చున్న ముసలామె.

"ఒక్కటి గుర్తుపెట్టుకో అమ్మా. ఈ కార్డు పొడుగ్గా ఉండే నల్ల స్లాట్‌లోనే దిగతాది. ఇప్పుడొచ్చే మదర్‌బోర్డుల్లో అవి తీసేస్తా ఉండారు. పొట్టి తెల్లవే ఉంటాయి. బోర్డు చూసి కొను, డబ్బా చూసి కొనబాక" అన్నాడు పెంచలనరసింహం. మూత విప్పి కార్డు ఎట్లా దించాలో కూడా తన పాత కంప్యూటర్ మీద చూపించాడు.

ఆత్మకూరులో కంప్యూటర్లు జతచేసి ఇచ్చే అంగడి ఆనందకుమార్‌ది. ఒకప్పుడు ఎస్తేరమ్మ శిష్యుడే, తొంభై మూడులో ఇంగ్లీషు టైపు లోయర్ పరీక్ష పాసైనవాడు. పేరు గోడ మీద ఉంది. తనవాడేగదా అని ఆమె ధైర్యంగా వెళ్ళింది. వెంట హైస్కూల్లో అటెండరుగా చేసే భర్త శీనయ్య, చేతిలో దిండు గలీబులో చుట్టిన తెలుగు కార్డు.

ఆనందకుమార్ మూడు మదర్‌బోర్డులు బల్ల మీద పరిచాడు. పరిచి, చెప్పడం మాత్రం శీనయ్యకు మొదలుపెట్టాడు. "ఇది చూడండి అంకుల్, ఆల్ ఇన్ వన్. సౌండు దీంట్లోనే, డిస్‌ప్లే దీంట్లోనే. నెల కూడా కాలేదు మార్కెట్‌కొచ్చి."

శీనయ్య తలూపాడు. ఆయనకు సౌండూ తెలియదు, డిస్‌ప్లే తెలియదు. అయినా తనను అడిగారన్న సంతోషం మొహంలో తెలిసిపోతోంది.

"ఒరే ఆనందూ, కొనేది నేను. ఇటు తిరిగి చెప్పు. దీంట్లో నల్ల స్లాట్లెన్ని?" అంది ఎస్తేరమ్మ.

"నల్లవి లేవు టీచర్. ఈ కాలంలో అవెవురు వాడతారు?"

"నేను వాడతా." గలీబు విప్పి కార్డు తీసి బోర్డుకు ఆనించి చూసింది. ఎక్కడా దిగే చోటు లేదు. పక్కకు నెట్టేసింది. రెండో బోర్డులో ఒక్క నల్ల స్లాటు ఉంది, కానీ దానికి అడ్డంగా ఏదో పొడుచుకొచ్చి కార్డు సగంలోనే ఆగిపోయింది. మూడోది నిరుడు మోడలు. మూడు నల్ల స్లాట్లు వరసగా ఉన్నాయి. కార్డు మెత్తగా దిగి కూర్చుంది.

"ఇది పాతది టీచర్. సౌండు లేదు, డిస్‌ప్లే కార్డు విడిగా పెట్టాల."

"సౌండెందుకురా నాకు, డాన్సు నేర్పతానా? ఇదే కావాల."

ఆనందకుమార్ ఆ కార్డును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. దీనితో ఏం చేస్తారు, ఎట్లా చేస్తారు, ఎంతమంది వస్తారు అని నెమ్మదిగా అడిగాడు. శిష్యుడు అడుగుతున్నాడుగదా అని ఆమె అన్నీ చెప్పింది. ఆఫీసుల్లో తెలుగు కొట్టేవాళ్ళకు ఇక మీదట ఎంత గిరాకీ ఉంటుందో కూడా చెప్పింది. తరవాత జాకెట్‌లోంచి ఎర్ర పెన్సిలు తీసి, ఆ మూడో బోర్డు మీద అతికించిన తెల్ల చీటీ మీద టిక్కు కొట్టి 'ఎ' అని రాసింది. ఇంటి నుంచే కార్బన్ పెట్టి టైపు చేసి తెచ్చిన ఆర్డరులో ఆ బోర్డు నంబరు వేసి ఆనందకుమార్ చేత సంతకం చేయించుకుంది.

"నామీద నమ్మకం లేదా టీచర్?" అని నవ్వాడు వాడు.

"నాకు కాగితం మీదే నమ్మకం" అంది ఆమె.

నాలుగు రోజుల తరవాత శీనయ్య ఒక్కడే వెళ్ళి కంప్యూటర్ తెచ్చాడు. ఆమె స్క్రూడ్రైవరు పట్టుకుని సిద్ధంగా ఉంది. మూత మీద కంపెనీ చీటీ ఒకటి అంటించి ఉంది. అది చింపితే వస్తువు మార్చి ఇవ్వబడదనీ, ఏం తేడా ఉన్నా ఏడు రోజుల్లో చెప్పాలనీ బిల్లు మీద రాసి ఉంది. చింపి చూద్దామని ఆమె అంటే శీనయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ప్రార్థన కాకుండా ఎట్టా విప్పతావు ఎస్తేరూ? మనింట్లో ఏదన్నా అట్టా చేసినామా?"

అది నిజమే. వాళ్ళ సంఘంలో మొదటి బస్తా వడ్లయినా, కొత్త సైకిలైనా, కుట్టుమిషనైనా ముందు మందిరానికి పోవాలి. పాస్టరుగారు ప్రార్థన చేసి కృతజ్ఞత చెల్లించాకే వాడకం. ఎస్తేరమ్మ ఎంత కోపిష్టి అయినా దేవుడి దగ్గర ఆ కోపం చూపించేది కాదు. పెట్టెను మందిరంలో తెల్లగుడ్డ కప్పి ఉంచారు. పాస్టరుగారు జలదంకి వైపు ప్రార్థన కూటాలకు పోయి రెండు ఆదివారాలు రాలేదు. పద్నాలుగో రోజుకు ప్రార్థన అయింది. అందరూ ఆమెన్ అన్నారు. శీనయ్య అందరికంటే గట్టిగా అన్నాడు.

ఇంటికి తెచ్చి మూత విప్పింది. లోపల పొట్టి తెల్ల స్లాట్లు మూడు ఉన్నాయి. నల్లది ఒక్కటీ లేదు. తెల్ల చీటీ మీద ఎర్ర టిక్కూ లేదు. ఆనందకుమార్ మొదట చూపించిన ఆల్ ఇన్ వన్ బోర్డు చక్కగా మెరుస్తూ కూర్చుని ఉంది. చేతిలో తెలుగు కార్డు పట్టుకుని ఆమె అట్లాగే నిలబడిపోయింది. దాన్ని పెట్టడానికి ఆ పెట్టెలో చోటే లేదు.

"ఏమయ్యా, తెచ్చేటప్పుడు వాడేమన్నా చెప్పినాడా?"

శీనయ్య గోడ మీది పేర్లు చదువుతున్నాడు. "నాకేం తెలుసు ఎస్తేరూ ఈ బోర్డుల సంగతి" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. పొద్దున తొలి బస్సుకే పెట్టెను సీటు మీద పెట్టుకుని, తాను పక్కన నిలబడి ఆత్మకూరు చేరింది. శీనయ్య సెలవు పెట్టి వెంట వచ్చాడు. రావద్దన్నా వచ్చాడు, అదీ ఆమెకు వింతగానే అనిపించింది.

అంగడి ముందు కొత్త బోర్డు వేలాడుతోంది. 'ఇచ్చట కంప్యూటర్ మీద తెలుగు టైపింగ్ నేర్పబడును.' లోపల ముగ్గురు ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. అందులో ఇందు అనే పిల్ల నెల కిందటి దాకా ఎస్తేరమ్మ దగ్గరే నేర్చుకునేది. టీచర్‌ను చూసి లేచి నిలబడింది. వాళ్ళ ముందున్న కంప్యూటర్‌కు మూత లేదు, వేడెక్కుతుందని తీసిపెట్టారు. లోపల మూడు నల్ల స్లాట్లు, ఒకదాంట్లో కొత్త తెలుగు కార్డు.

ఎస్తేరమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా వంగి చూసింది. తెల్ల చీటీ మీద ఎర్ర టిక్కు. పక్కన 'ఎ'.

వాడు దొంగిలించింది బోర్డు ఒక్కటే అయితే ఇంత మంట ఉండేది కాదు. ఎందుకు వాడతారు, ఎట్లా వాడతారు అని వాడు అడిగిన ప్రతి ప్రశ్నా, తాను సంబరంగా చెప్పిన ప్రతి జవాబూ ఇప్పుడు చెవుల్లో గింగురుమన్నాయి.

"ఆనందూ, ఇది నా బోర్డు."

"అట్టాంటి బోర్డులు చాలా ఉంటాయి టీచర్."

"నా టిక్కు కూడా చాలా ఉంటాదా? చూడు. వంగి చూడరా!"

ఆ కేకకు పక్క అంగడి వాళ్ళు కూడా వచ్చారు. ఆనందకుమార్ మొహం ఎర్రబడింది. ఆ మోడలు ఆఖరి పీసనీ, నెల్లూరులో కూడా దొరకలేదనీ, అంతకంటే మంచి బోర్డే ఆమెకు వేశాననీ గొణిగాడు. పైగా ఏడు రోజులు దాటాయి, మూత మీది చీటీ కూడా చింపేశారు అన్నాడు. చివరికి సొరుగులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను చెప్పకుండా మార్చలేదు టీచర్. అంకుల్ ఒప్పుకున్నారు. ఇదో సంతకం."

'బోర్డు మార్చుటకు సమ్మతమే' అన్న రాత కింద శీనయ్య సంతకం.

ఎస్తేరమ్మ వెనక్కి తిరిగింది. శీనయ్య తల దించుకున్నాడు. "కొత్తది, మంచిది, నీకు చెప్తే అరస్తావన్నాడు. చూసినాక సంతోషపడతావనుకున్నా" అన్నాడు. తెచ్చిన రోజున మూత విప్పకుండా చెయ్యి ఎందుకు అడ్డం పెట్టాడో, మందిరంలో ఆమెన్ అంత గట్టిగా ఎందుకన్నాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. దేవుణ్ణి కూడా అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె ఆ కాగితాన్ని వేలితో పక్కకు తోసింది. తన సంచిలోంచి కార్బన్ కాపీ తీసి దాని మీద పెట్టింది.

"ఇది నా ఆర్డరు. నంబరుండాది, నీ సంతకముండాది. మిషన్లు అమ్ముకున్నది నేను. బోర్డు ఎంచుకున్నది నేను. నా బోర్డు మార్చేదానికి ఆయనెవురు? నిన్ను అడగమన్నదెవురు? మొదటి రోజు కూడా నాకు చెప్పకుండా ఆయనకే చెప్పినావు. పీకు దాన్ని."

"క్లాసు నడస్తా ఉండాది టీచర్. ఇప్పుడు తీస్తే ఆగిపోతాది."

"నాది ఆగిపోయి రెండు వారాలైనాది. పీకే ముందు ఒక పని చెయ్యి. ఈ మిషన్ మీదే, తెలుగులో, ఫలానా బోర్డు వాపసు ఇస్తా ఉండానని నాలుగు వరసలు కొట్టు. వీళ్ళకు నేర్పతా ఉండావుగదా. కొట్టు."

ఆనందకుమార్ కూర్చున్నాడు. ఇంగ్లీషు అయితే కళ్ళు మూసుకుని కొట్టేవాడు, ఆమె నేర్పిందే. తెలుగు ఎన్నడూ నేర్చుకోలేదు. మెడ వంచి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒక్క వేలితో పొడవడం మొదలుపెట్టాడు. ఆడపిల్లలు ముగ్గురూ చూస్తున్నారు. నాలుగు వరసలకు పావుగంట పట్టింది. కాగితం ప్రింటయ్యాక ఎస్తేరమ్మ ఎర్ర పెన్సిలుతో ఒక్కో తప్పుకూ సున్నా చుట్టింది.

"పదకొండు తప్పులు. సంతకం పెట్టు" అంది.

పెట్టాడు. మధ్యాహ్నానికల్లా ఆ బోర్డూ, దాని డిస్‌ప్లే కార్డూ ఆమె పెట్టెలోకి చేరాయి. సాయంత్రం ఇంట్లో తెలుగు కార్డు నల్ల స్లాట్‌లో దించి, తెర ముందు కూర్చుని, కీబోర్డు వంక చూడకుండా 'ఉదయగిరి' అని కొట్టింది. ఒక్కో అక్షరం ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. ఆమెకు కళ్ళు చెమర్చాయి. అందుకూ కోపమే వచ్చింది, విసురుగా తుడుచుకుంది.

వెనక ఏదో అలికిడైతే తిరిగి చూసింది. శీనయ్య సున్నం డబ్బా, కుంచె పట్టుకుని గోడ ముందు స్టూలెక్కి ఉన్నాడు. 'ఆనందకుమార్, 1993' అన్న చోట కుంచె ఆనించబోతున్నాడు.

"దిగు" అంది.

"ఆ దొంగ నాయాలి పేరు ఇంకా ఎందుకు ఎస్తేరూ?"

"వాడు పాసైనాడు. నేను కళ్ళారా చూసి పెట్టిన టిక్కు అది. కోపం వచ్చినప్పుడల్లా కొట్టేసుకుంటా పోతే ఆ గోడ మీద ఎవురు మిగల్తారు? దిగి ఇట్టా రా. కూర్చో."

శీనయ్య కంప్యూటర్ ముందు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ ఇంట్లో ఒక్క మీట కూడా నొక్కని మనిషి.

"తెలిసి కూడా నీకు చెప్పలేదు, అని కొట్టు. తప్పుల్లేకుండా కొట్టు."

ఆయన భార్య మొహం చూశాడు. అది తిట్టేటప్పటి మొహం కాదు. తిట్టి ఉంటే బాగుండునని ఆయనకు మొదటిసారి అనిపించింది. ఒక్క వేలితో 'త' వెతుక్కోసాగాడు. ఎస్తేరమ్మ ఎర్ర పెన్సిలు పట్టుకుని వెనక నిలబడింది. తప్పు పడినప్పుడల్లా భుజం మీదుగా చెయ్యి చాపి మొత్తం చెరిపేసి, "మళ్ళీ మొదటి నుంచి" అంది. ఐదోసారికి ఒక్క తప్పూ లేకుండా వచ్చింది. ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, చెరపకుండా సేవ్ చేసింది. ఆ కంప్యూటర్‌లో మొదటి ఫైలు అదే.