నాకు వచ్చిన రెండు పాఠాల స్పానిష్

మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న ఆ రోజుల్లో, కొత్త రాష్ట్రం వచ్చిందన్న హుషారులో, లోకంలో ఏ విద్య అయినా నాకు వచ్చేసినట్టే అనుకునేవాణ్ణి. మామ పలకల కార్ఖానాలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. (గుమాస్తాగిరీ ఒక సాకు. కార్ఖానాను ఆనుకునే మామ ఇల్లు, మామ కూతురు అక్కడే ఉండేది.) స్పానిష్ మాట్లాడే దొర ఒకాయన పలకలు కొనడానికి వస్తున్నాడని కబురు రాగానే, ఆ భాష నాకు వచ్చునని కోతలు కోసేశాను. మామ సంబరపడిపోయి, ఆర్డరు వస్తే పిల్లనిచ్చేస్తానని అందరి ముందూ అనేశాడు.

నిజానికి నా దగ్గరున్నది పాత సామాన్ల అంగట్లో దొరికిన, స్పానిష్ నేర్పే పుస్తకం. చెదలు తినగా మిగిలినవి రెండే పాఠాలు: వస్తువును చూపించడం, 'ఇది అదెంతో అంత' అని సరిపోల్చడం. మనకు ఇది, అది చాలు. వాళ్ళకు మూడున్నాయి: నా దగ్గరిది ఎస్తా, నీ దగ్గరిది ఎసా, ఇద్దరికీ దూరంగా ఉన్నది ఆకేయా. మూడోదాన్ని మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడే మరదలిని చూస్తూ బాగా వల్లించాను.

దొర రానే వచ్చాడు, చేతిలో పక్క కార్ఖానా పలకతో. మామ మా పలక నా చేతికిచ్చి, "చెప్పు అల్లుడా, మన పలక ముందు ఆ పలక ఏపాటిదో" అన్నాడు. ఎక్కువ తక్కువల పాఠం చెదల కడుపులో ఉంది. చెమటలు కక్కుతూ, "ఎస్తా ఎస్ తాన్ బుయెనా కోమో ఎసా" అన్నాను. ఇది అదెంత మంచిదో అంత మంచిది అని. ఇంకేమీ రాక, అదే మళ్ళీ మళ్ళీ అన్నాను.

దొర పకపకా నవ్వాడు. పక్కవాడి సరుకు తనదానితో సమానమన్న మనిషిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నానని శుభ్రమైన ఇంగ్లీషులో చెప్పి, ఆర్డరు రెండు కార్ఖానాలకూ చెరిసగం ఇచ్చి వెళ్ళాడు. ఇంగ్లీషు రాని మామకు ఆ సంగతి నా నోటితో నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

"ఏంది, వాళ్ళ పలకా మన పలకా ఒకటేనని చెప్పినావా?" మామ ముఖం నల్లబడింది. నా పెళ్ళి ఆశ అక్కడితో ఆరిపోయిందనుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు గుమ్మంలోంచి మరదలు, "రెండూ ఒకే గనిలో రాయి గదా నాయనా. బావ అబద్ధం చెప్పలేదు గదా" అన్నది. మామ చాలాసేపు మీసం దువ్వుకుని, "సగం ఆర్డరే వచ్చినాది గాబట్టి, సగం మాటే ఇస్తా" అన్నాడు. మిగతా సగం మరదలే పట్టుబట్టి ఇప్పించింది.

ఇప్పుడు మా ఆవిడగా, తన గోంగూర బాగుందా, తన చెల్లెలు పంపిన గోంగూర బాగుందా అని అడిగితే, నేను ఆ ఒక్క వాక్యమే అంటాను. చెదలు తిన్న పాఠాలు తర్వాత నేర్చుకోవచ్చు గానీ, నేర్చుకోలేదు. ఆ మూడో మాట, ఆకేయాతోనూ మళ్ళీ పనిపడలేదు. ఇప్పుడు మా ఇద్దరికీ దూరంగా ఉన్నది, పలక పట్టుకుని చెమటలు కక్కుతున్న ఆ గుమాస్తా ఒక్కడే.