పొదిలి జింకల బీడులో మేం తెరిచి మూసిన దారి

పొదిలి వైపు ఒక బీడులో జింకలకు రక్షణ కల్పించారని, అక్కడ కాలిబాట బాగుచెయ్యడానికి గుంటూరు నుంచి శ్రమదానం జట్టు వెళ్తోందని మా పత్రికలో చిన్న వార్త రాశాను. మర్నాడు ఆఫీసుకు ఇద్దరు పాఠకులు వచ్చారు. ఎండాకాలంలో ఆ బాట మీద నడిచానని ఒకాయన చెప్పాడు. దీపావళి రోజుల్లో అటు వెళ్లిన రెండో ఆయన అక్కడ బాటే లేదన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషుల్లా లేరు. ఉన్న బాట మధ్యలో ఎలా పోతుందో నాకు అర్థం కాలేదు. అది తేలుద్దామని జట్టులో నా పేరు కూడా రాయించాను.

గుంటూరులో ఉదయం రైలుబండి ఎక్కి తెనాలి, చీరాల మీదుగా ఒంగోలు చేరాం. పెట్టెలో ఎవరో మిరప బస్తాలు వేశారు, తెనాలి దాకా అందరం తుమ్ముతూనే ఉన్నాం. చీరాలలో చీరల మూటలతో నేతవాళ్లు ఎక్కాక కూర్చోవడానికి చోటు లేకపోయింది. ఒంగోలు నుంచి పొదిలికి బస్సులో రెండు గంటలు పైనే పడుతుంది, టిక్కెట్టు రూపాయిన్నర. మా చేతుల్లో పారలు, కొడవళ్లు చూసి కండక్టరు ఎక్కడికని అడిగాడు. జింకల బీడులో దారి బాగుచెయ్యడానికని చెప్పాను.

"జింకలకు దారెందుకండీ? అయ్యి యాడబడితే ఆడ దూకుతయ్యి గదా."

"జింకలకు కాదు, కాపలావాళ్లకి. చూడ్డానికి వచ్చేవాళ్లకి."

"చూడ్డానిక్కూడా వస్తారా?" అంటూ అతను వెనక సీట్ల వైపు వెళ్లిపోయాడు.

పొదిలి నుంచి ఎద్దుబండిలో ఊరు చేరి, ఆ రాత్రి బడిలో పడుకున్నాం. తెల్లవారగానే జొన్నరొట్టె, గోంగూర పచ్చడి తిని పనిలోకి దిగాం. మా జట్టు పెద్ద హనుమంతరావు మాస్టారు గుంటూరులో లెక్కలు చెప్తారు. దారి చూపించింది ఫారెస్టు గార్డు కోటయ్య. ఆయన కిందటి వేసవిలోనే బదిలీ మీద ఇక్కడికి వచ్చాడు. బీడు నుంచి ఊరి వైపు వెళ్లే బాట మీద గడ్డి చెక్కి, రాళ్లు ఏరి పక్కన పేర్చాం. ఒకచోట బాటకు అడ్డంగా మనిషెత్తు తుమ్మకంప పడి ఉంది. దానికి అటు పక్క పత్తి చేను, సాళ్ల మధ్య కంది. చేను నడిమధ్య బండి వెడల్పున విత్తని పట్టీ ఒకటి గడ్డి పట్టి ఉంది.

"ఇది దారేనా?" అని అడిగాను.

"దారే సార్. ఎండాకాలమంతా నేను నడిచిందే" అన్నాడు కోటయ్య.

నాకు సందేహం పూర్తిగా తీరలేదు. కానీ చెప్పేది గార్డు, చూస్తే చేనులో విత్తని పట్టీ కూడా ఉంది. కంప లాగి, నరికి, కుప్పేసి, నిప్పు పెట్టాం. మధ్యాహ్నానికి బీడు నుంచి ఊరి దాకా తాడు పట్టినట్టు బాట తయారైంది. మాస్టారు నడుం పట్టుకుని రెండుసార్లు దాని మీద అటూ ఇటూ నడిచి చూసుకున్నారు.

పొద్దు వాలుతుండగా ఆ చేను మనిషి మస్తాన్‌బీ పొదిలి సంత నుంచి వచ్చింది. నెత్తిమీద గంప దించకుండానే బూడిద కుప్ప దగ్గర ఆగింది.

"ఏందయ్యా ఇది? నా కంపేదీ?"

"దారికి అడ్డం ఉంటే తీసేశాం అమ్మా" అన్నారు మాస్టారు.

"అడ్డం ఉండాలనే గదా అడ్డం ఏసింది."

"మరి ఇది దారి కాదా?" అన్నాను.

"దారి కాదని ఎవురన్నారు? ఇప్పుడు కాదు, అంతే."

ఆమె విడమర్చి చెప్తే గాని మాకు తలకెక్కలేదు. అక్కడ విత్తనం పడగానే చేలల్లోంచి వెళ్లే బాటలకు కంప కొడతారు. పత్తి చివరి తీత అయ్యేదాకా అందరూ గట్టు మీద చుట్టూ తిరిగి వెళ్తారు. తర్వాత కంప తీస్తే అది మళ్లీ బాట. జనం తొక్కి గట్టిపడిన నేల కాబట్టి ఆ పట్టీలో ఎవరూ విత్తరు. కోటయ్య చూసింది ఎండాకాలపు బాట. మా ఆఫీసుకు వచ్చిన ఇద్దరూ నిజమే చెప్పారు.

"ఇంకో గడియలో జింకల మంద దిగుద్ది. కంది ఇంకా కొయ్యలా, పత్తి ఇంకో తీతుంది. సమచ్చరమంతా నా ఇంటి తిండి ఇదే. రాయి ఏస్తే తప్పంటాడు, కుక్కని తోలితే తప్పంటాడు ఈ కోటయ్య. నాకుండేది ఆ కంపొక్కటే. దాన్ని చలి కాసుకున్నారు."

కోటయ్య నేల చూపులు చూశాడు. "చీకటి పడేలోగా కొత్త కంప కొట్టలేమా?" అన్నాడు.

"తుమ్మలు యాడున్నయ్యో తెలీదా? వాగవతల. పొద్దున్నే పోవాల." ఆమె మమ్మల్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. "కంప లేదుగా. మీరే కంప. నిలబడండి."

నిలబడ్డాం. మాస్టారు లెక్క ప్రకారం మనిషికీ మనిషికీ మూర దూరం ఉండేలా మమ్మల్ని జరిపారు. నేను ఇంత దూరం రావడంలో జింకలను చూడాలన్న కోరిక కూడా ఉంది. పొద్దు కుంకే వేళకు అవి వచ్చాయి. మేం చెక్కిన బాట మీదనే, ఒకదాని వెనక ఒకటిగా. ముందు ఇర్రి, అంటే మగజింక, నల్లటి వీపు, మెలితిరిగిన కొమ్ములు. మా ఎదురుగా వచ్చి ఆగి మమ్మల్ని చూసింది.

"చూస్తారేంది? అరవండయ్యా" అంది మస్తాన్‌బీ.

అరిచాం. మంద గిరుక్కున తిరిగి, గాలిలోకి ఎగురుతూ బీడులోకి పోయింది. నేను తృప్తిగా చూసింది ఆ పరుగొక్కటే.

చీకటి పడ్డాక ఊరివాళ్లు కాగడాలతో వచ్చి మా చోటు తీసుకున్నారు. పొద్దున్నే వాగు దాటి తుమ్మ నరికాం. చీలిక కొసల పంగలకర్రతో ముళ్ల కొమ్మల్ని పొడిచి ఈడ్చుకొచ్చి, మేం తెరిచిన చోటే పేర్చాం. కందిలో ఒక్క కాయ పోలేదు. కంప ఇవతల, మెత్తటి మట్టి మీద ఉన్న గిట్టల గుర్తులు మేం నిలబడిన చోటు దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. ఆ పక్కనే మా అడుగులూ, కాగడాలు పట్టినవాళ్ల అడుగులూ ఉన్నాయి.

తిరుగు బస్సులో వచ్చేటప్పటి కండక్టరే ఉన్నాడు. దారి పడిందా అని అడిగాడు. పడిందని, మూసేశామని చెప్పాను. అతను టిక్కెట్టు చింపి నా చేతిలో పెట్టాడు. బాట ఎవరి కోసమో ఇప్పటికీ నాకు తేలలేదు. కాపలాకు కోటయ్యకు కావాలి, చూడ్డానికి నాబోటివాళ్లకు కావాలి. ముందుగా వాడుకున్నవి మాత్రం జింకలు. వాటికి హద్దు చెప్పాల్సింది మస్తాన్‌బీ, అదీ ముళ్లతో. ఏది సరి అని పత్రికలో రాయమంటే నేను రాయలేను. పని జరిగిందని మాత్రం రాశాను.

ఆ వైపు శ్రమదానానికి వెళ్లేవాళ్లు గట్టి చెప్పులు, పాత బట్టలు తీసుకెళ్లండి. వీలైతే పత్తి తీతలన్నీ అయ్యాకే వెళ్లండి. ముందే వెళ్లి, దారికి అడ్డంగా కంప కనిపిస్తే, అది వేసినవాళ్లు సంత నుంచి తిరిగొచ్చేదాకా చెయ్యి పెట్టకండి.