పసుపు తాగిన రేసు కారు

చేతిలో సర్టిఫికెట్టు ఉంటే పని వచ్చినట్టేనని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. ఐటీఐ నుంచి కొత్తగా బయటపడ్డాను. (చదివింది కరెంటు వైర్ల పని. కానీ మా ఊరు తరిగొప్పులలో ఐటీఐ అంటే మిషన్లన్నీ తెలిసినవాడనే లెక్క. ఆ లెక్కను నేనెప్పుడూ సరిదిద్దలేదు.) నాన్నకు అన్న అయిన మా పెదబాపు హైదరాబాదులో ఎవరో నవాబు వారసుల దగ్గర ముచ్చటపడి కొన్న పాత రేసు కారు ఒకటి ఉండేది. రెండే సీట్లు, పైన టాపు లేదు, ముక్కు మాత్రం బారెడు. ఇంజను వేడెక్కకుండా నీళ్లు తిప్పే రేడియేటరు తుప్పుపట్టి చిల్లులు పడింది. ఆయన కూతురు, అంటే మా అక్క పెళ్లి వారం ఉందనగా నన్ను పిలిచాడు.

"ఎదురుకోలుకు పెండ్లికొడుకును గీ కారులనే తోలుకరావాలె. నీతోని అయితదారా?"

"అయితది పెదబాపు."

"అయితే తాళంచెవి ఇగ నీదే. నడిమిట్ల ఆగిందనుకో, ఊర్ల నా ఇజ్జత్ పోతది."

తాళంచెవి మాట విన్నాక మిగతాది నా చెవికెక్కలేదు. హైదరాబాదు పాత సామాన్ల బజారంతా తిరిగి అలాంటి రేడియేటరే తెచ్చాను. కొట్టం ముందు కూర్చుని, విప్పిన బోల్టులు చాటలో పోసుకుంటూ, రెండు రోజుల్లో బిగించేశాను. (నాలుగు బోల్టులు మిగిలాయి. జేబులో వేసుకున్నాను.) నీళ్లు పోస్తే అడుగున చుక్కచుక్కగా కారడం మొదలైంది. మా నాయనమ్మను అవ్వ అనేవాళ్లం. ఆమె చూసి, "లారీలోల్లు పసుపు ఏస్తరు బిడ్డా. జరంత ఎయ్యి, కారుడు బందైతది" అంది. "గది మోటు వైద్యం అవ్వా, నేను సదువుకున్నోన్ని" అన్నాను. ఆమె అటు పోగానే, జరంతకే ఆగేది ఎక్కువేస్తే ఇంకెంత గట్టిగా ఆగుతుందో అనుకుని, పెళ్లికి కొట్టించిన పసుపు డబ్బా మొత్తం గుమ్మరించాను. కారడం ఆగింది. మర్నాడు ఆడవాళ్లు పసుపు డబ్బా కోసం ఇల్లంతా వెతుకుతుంటే నేనూ కాసేపు వెతికాను.

ఎదురుకోలు రోజు కాబోయే బావను పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాను. డప్పుల వాళ్లు పదడుగులకోసారి ఆగి ఆడుతున్నారు. కారు ఆగి ఆగి నడుస్తుంటే, పసుపు ముద్దతో పూడుకుపోయిన రేడియేటరు ఉడకసాగింది. ముక్కులోంచి ఆవిరి చూసి కంగారుపడి దిగి, కండువా పట్టి మూత తిప్పాను. పచ్చటి నీళ్లు తాటిచెట్టంత లేచి, చల్లారి, చినుకుల్లా బావ తెల్లబట్టల మీద కురిశాయి. డప్పులు ఆగిపోయాయి. పెదబాపు ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

అవ్వ ముందుకొచ్చి, బావ భుజం మీది తడిని వేలితో తీసి వాసన చూసింది. "గిది నా డబ్బల పసుపే" అని గొణిగింది. తర్వాత నా ముఖం చూసింది. నేను ఏడుపు ఆపుకుంటున్నాను. గిర్రున జనం వైపు తిరిగింది.

"ఏంది అట్ల చూస్తరు? పెండ్లికొడుకు మీద పసుపునీళ్లు పడ్డయి, గింతకంటే మంచి శకునం ఉంటదా? కొట్టుండ్రి డప్పు!"

ముందు నవ్వింది బావే. ఆయన నడిచి వచ్చాడు, కారును ఎడ్లు గుంజుకొచ్చాయి. తాళంచెవి మళ్లీ పెదబాపు మొలతాడుకే చేరింది. తర్వాత కారు జనగామ తుక్కు దుకాణానికి పోయింది, అవ్వ కూడా పోయింది. ఆనాటి బావ కండువా మాత్రం అక్క పెట్టెలో ఉంది. ఎన్నిసార్లు ఉతికినా పచ్చ మరక పోలేదట. నేను వెళ్లినప్పుడల్లా తీసి చూపించి నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. నా చేతి రిపేర్లలో ఇన్నేళ్లు నిలిచింది అదొక్కటే.