పోలయ్య చెవి వెనక మచ్చ

1961లో నా సెలూన్ ఇందుకూరుపేటలో, మైపాడు బస్సు ఆగే చోట ఉండేది. సెలూన్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక కుర్చీ, పాదరసం ఊడిన ఒక అద్దం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బల్ల, అంతే. నేను నాలుగో తరగతి మూడేళ్ళు చదివాను. నాలుగో ఏడు కూడా అక్కడే కూర్చోబోతే మా దేవసహాయం మాస్టారు, “నువ్వన్నా పో, లేదా నేనన్నా పోతాను” అన్నారు. పాపం, ఆయనకు ఇల్లూ సంసారం ఉన్నాయి గదా అని జాలిపడి నేనే వచ్చేశాను. అప్పటినుంచీ చదువుకున్నవాళ్ళందరూ నా ముందు తల వంచుతూనే ఉన్నారు. వంచేది నీకు కాదు, నీ చేతిలో కత్తికి అంటుంది మా ఆవిడ.

మా పనిలో ఒక రహస్యం ఉంది. కత్తిని స్ట్రాప్ మీద, అంటే తోలుపట్టీ మీద, ఎంత బాగా నూరినా కస్టమర్ మెడ బిగించుకుని కూర్చుంటే తెగుతుంది. రివర్స్ చేసేటప్పుడు, అంటే వెంట్రుక మొలిచిన దిక్కుకు ఎదురుగా కత్తి నడిపేటప్పుడు, మరీ ప్రమాదం. అందుకని మనిషిని మాటల్లో పెడతాం. నవ్వించో, ఆశ్చర్యపరచో, ఊళ్ళో జరగనిది జరిగినట్టు చెప్పో. మాటకు మెడ వదులవుతుంది. ఆ క్షణంలో కత్తి పోతుంది. సబ్బు నురగ ఎట్లాగో మాకు అబద్ధం అట్లాగ. నురగ కడిగేసినట్టే అదీ కుర్చీ దిగేసరికి పోతుందనుకునేవాణ్ణి.

దేవసహాయం మాస్టారు రిటైరయ్యాక ప్రతి శనివారం నా దగ్గరికి వచ్చేవారు. ఆదివారం చర్చికి పోవడం మానేశారు గానీ, దానికోసం శనివారం గడ్డం గీయించుకునే అలవాటు మాత్రం మానలేదు. మానేసిన కారణం ఊరందరికీ తెలుసు. ఒక్కగానొక్క కూతురు పురిట్లో పోయింది. ఆ తర్వాత ఆయన నాగార్జునకొండ దగ్గర తవ్వకాలు జరుగుతున్నాయంటే వెళ్ళి చూసొచ్చారు. వచ్చినప్పటినుంచీ బుద్ధుడు, బుద్ధుడు. వాళ్ళావిడ ఆదివారం ఒంటరిగా చర్చికి పోయేది.

నాకు ఆయన్ని ఏడిపించడమంటే సరదా.

“ఒరే రవణా, దుఃఖం ఉంది. ఆయన చెప్పిన మొదటి మాట అదిరా.”

“అది కనుక్కోడానికి రాజ్యం వదులుకోవాల్నా మాస్టారూ? మా ఇంటికొచ్చుంటే అరగంటలో తెలిసుండేది.”

“దానికి కారణం ఉంది. తృష్ణ. పట్టుకున్నది వదల్లేకపోవడం. అది ఆరిపోయే వీలుంది. ఆర్పుకోడానికి ఎనిమిది అంగాల దారి ఉంది.”

“ఎనిమిదే! మనకు నెల్లూరు పోను ఒక్క దారే సరిగ్గా లేదే!”

ఆయన కోప్పడేవారు కాదు. ఆ ఎనిమిదింటిలో ఒకటి సమ్యక్ వాక్కు అని చెప్పారు ఒకసారి. అబద్ధం, చాడీ, పరుషం, వ్యర్థపు మాట, ఈ నాలుగూ మానుకోవాలట. “అట్టయితే సెలూన్ మూసెయ్యమనండి” అన్నాను. బల్ల మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అప్పుడాయన, బుద్ధుడి శిష్యుల్లో ఒక మంగలి ఉండేవాడని, రాజకుమారులు తమ గర్వం అణగాలని ఆ మంగలికి ముందు దీక్ష ఇప్పించి ఆయనకే మొక్కారని, భిక్షువుల నియమాలన్నీ కంఠతా చెప్పింది ఆయనేనని చెప్పారు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. వచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పాను. నియమాల సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ ఏడు దీపావళి వెళ్ళిన వారానికి గాలివాన వచ్చింది. పెద్ద తుపానేం కాదు. మా ఊరి పక్క సముద్రం ఒడ్డున ఉన్న చేపలు పట్టేవాళ్ళ పట్టపుపాళెం నుంచి పోలయ్య అనే ఆయన తెల్లవారుజామున ఒంటరిగా తెప్ప వేసుకుని వేటకు పోయాడు. రెండో నాటికి తెప్ప దుంగలు విడివిడిగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పోలయ్య రాలేదు. మనిషి దొరకలేదు కాబట్టి మూడు నెలలు చూద్దామన్నారు పాళెం పెద్దలు. తండ్రి సంగతి తేలేదాకా కొడుకు గోవిందు తెప్ప ఎక్కకూడదు, అది అక్కడి పట్టింపు. గోవిందుకు ఇరవై ఏళ్ళు. రెక్కలున్న మనిషి మూడు నెలలు ఇసకలో కూర్చుని పక్కవాళ్ళ వలలు బాగుచేశాడు.

గడువు తీరింది. ఆ పాళెం చావు క్షవరాలు మా తాత కాలం నుంచి మా ఇంటివే. పొద్దున్నే కత్తుల పొది తీసుకుని పోయాను. తండ్రి పోతేనే కొడుకు మీసం తీయాలి. బతికుండగా తీస్తే తండ్రిని చంపినట్టే. గోవిందు తల తడుపుకుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. నేను కత్తి తీశాను. అంతలో వాళ్ళమ్మ చెంగమ్మ వచ్చి కొడుకు ఎదురుగా గొంతుకూర్చుని, వాడి మూతి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

“నా మొగుడు సచ్చినాడని ఎవురు చెప్పినారు? సముద్రం వొచ్చి చెప్పిందా?”

పెద్దలు కసిరారు. ఆడవాళ్ళు బతిమాలారు. ఆమె చెయ్యి తీయలేదు. గోవిందు దవడలు బిగుసుకుపోయాయి, మెడ నరాలు తాళ్ళల్లే లేచాయి. అట్లాంటి మెడ దగ్గరికి కత్తి పోకూడదు. అప్పుడు నేను ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నదే చేశాను. మాట్లాడాను.

“ఉండక్కా, ఒక్క మాట. మొన్న దక్షిణాన కోట ఊరి నించి ఒకాయన నా కాడ గడ్డం గీయించుకున్నాడు. ఆ పక్క ఒడ్డుకి ఎవురో మనిషి కొట్టుకొచ్చినాడంట. పానం ఉందంట, పేరు జెప్పలేకుండా ఉండాడంట.”

చెంగమ్మ చెయ్యి వదులైంది. నేను అక్కడితో ఆగాల్సింది. చెప్పేది రుచిగా చెప్పాలనే పాడు అలవాటు ఒకటి నాకు. “ఎడం చెవెనక మచ్చ ఉందంట” అన్నాను.

పోలయ్యకు చిన్నప్పుడు గాలం దిగి ఎడమ చెవి వెనక ఒక మచ్చ పడింది. జుట్టు కింద ఉంటుంది. ఇంటివాళ్ళకూ, క్షవరం చేసే నాకూ తప్ప ఇంకొకరికి తెలియదు.

ఆమె లేచి నిలబడింది. లోపలికి పోయి చీర కొంగున ఇన్ని అటుకులు మూట కట్టుకుని దక్షిణం దిక్కుగా ఒడ్డు వెంట నడిచిపోయింది. క్షవరం ఆగిపోయింది. పెద్దలు నన్ను ఆ కోట ఆయన పేరు అడిగారు. అడగలేదన్నాను. ఆమె చేతిని ఒక్క క్షణం తప్పించి రెండు గీతల్లో పని ముగించుకుందామనుకున్నానే గానీ, నడిచిపోతుందని అనుకోలేదు. ఎదురు పోయి ఆపి చెప్పాల్సింది. సిగ్గు అడ్డమొచ్చింది. నాలుగు రోజుల్లో వచ్చేస్తుందిలే అనుకున్నాను.

పదిహేను రోజులకు వచ్చింది. మళ్ళీ పోయింది. కోట పక్క పాళేలన్నీ తిరిగిందని, ప్రతి గుడిసె దగ్గరా నిలబడి “చెవెనక మచ్చ ఉండే మనిషిని చూసినారా” అని అడుగుతోందని బస్సు దిగినవాళ్ళు నా సెలూన్లో కూర్చుని నాకే చెప్పేవాళ్ళు. కాళ్ళు పగిలి పుండ్లు పడ్డాయట. గోవిందు వెంటపోతే రాళ్ళు తీసుకుని తరిమిందట, నువ్వు ఇంట్లో లేకపోతే నాయన వచ్చి తిరిగిపోతాడని. ఒకరోజు బల్ల మీద కూర్చున్న ఉప్పు వ్యాపారి ఒకాయన, “ఆ మచ్చ మనిషి ఇప్పుడు పులికాట్ కాడ ఉండాడంటయ్యా, నిజమే” అన్నాడు. నా అబద్ధం నాకంటే బాగా తయారై నా దగ్గరికే వచ్చింది. ఆయన చెప్పింది అబద్ధమని ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు.

ఆ శనివారం మాస్టారి గడ్డం గీస్తుంటే దవడ కింద గాటు పడింది. పటిక రాస్తుంటే ఆయన అద్దంలో నా ముఖం చూశారు.

“ఏందిరా, ఈ రోజు నోరు పెగలడం లేదు?”

బల్ల మీద ఎవరూ లేరు. చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన సగం గీసిన గడ్డంతోనే కుర్చీలో నా వైపు తిరిగారు.

“మా అమ్మాయి మంచం మీద ఉన్నప్పుడు డాక్టరుగారు నాతో, రేపటికి లేచి కూచుంటుంది మాస్టారూ అన్నాడు. దక్కదని ఆయనకు తెలుసు. నేను బాధపడతానని అట్లా అన్నాడు, మంచివాడే. నేను ఆ మాట పట్టుకుని ఇంటికి పోయి పడుకున్నాను. ఆ రాత్రి అమ్మాయి నా కోసం అడిగి, అడిగి పోయిందట.” టవలుతో నురగ తుడుచుకున్నారు. “దుఃఖం ఉందని మొహాన చెప్పినవాడు నాకు ఆ బుద్ధుడొక్కడే కనిపించాడురా. అందుకే ఆయన వెంట పడ్డాను. మోక్షం కోసం కాదు.”

“మాస్టారూ, మీరొచ్చి చెప్పకూడదా? మీ మాటయితే వింటాది.”

“నువ్వు పెట్టిన గాటుకి నేను పటిక రాయాల్నా?” అన్నారు. మళ్ళీ ఆయనే, “పక్కన నిలబడతాను పద. మాట మాత్రం నీదే” అన్నారు.

సగం గడ్డం అట్లాగే ఉంది. గీసి పోదామంటే వద్దన్నారు. ఇద్దరం పాళేనికి నడిచాం. చెంగమ్మ గుమ్మంలో కూర్చుని కాళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుంటోంది. పక్కనే మూట ఉంది. పులికాట్ పోతున్నానంది. ఇంకొక గంట ఆలస్యమై ఉంటే దొరికేది కాదు.

“అక్కా, పోబాక. కోట నించి ఎవురూ రాలా. ఎవురూ ఏం జెప్పలా. నేనే అల్లినాను.”

ఆమె పేలిక ముడి వేయడం ఆపలేదు. “మచ్చ?”

“నేను క్షవరం చేసేవోణ్ణి గదక్కా. నాకు తెలుసు.”

ముడి అక్కడ ఆగింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. మాస్టారి వైపు తిరిగింది.

“అయ్యోరా, నువ్వు అబద్ధం ఆడవంట గదా. వొస్తాడా?”

మాస్టారు ఇసకలో ఆమె ఎదురుగా కూర్చున్నారు. దుఃఖం గురించి గానీ, ఎనిమిది అంగాల గురించి గానీ ఏమీ చెప్పలేదు. “నాకు తెలియదమ్మా. వస్తాడని నేను అనుకోవడం లేదు” అన్నారు. అని, లేచిపోకుండా అక్కడే కూర్చున్నారు. ఎండ ఎక్కింది. ఆమె ఏడవలేదు. ఒకసారి మాత్రం, చుట్టుకున్న పేలికలు విప్పేసి పుండ్లను ఎవరివో అన్నట్టు చూసుకుంది. చాలాసేపటికి, “గోవిందూ, తల తడుపుకోరా” అని పిలిచింది.

ఆ క్షవరంలో నేను ఒక్క మాట మాట్లాడలేదు. వాడి మెడ బిగిసింది. కత్తి ఎత్తి పట్టుకుని ఆగాను. వదులైనప్పుడు ఒక గీత గీశాను. మళ్ళీ బిగిసింది, మళ్ళీ ఆగాను. పది నిమిషాల పని గంట పట్టింది. గాటు పడలేదు. మీసం తీస్తుంటే చెంగమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. తర్వాత జరగాల్సినవన్నీ ఆడవాళ్ళు ఆమెను లోపలికి తీసుకుపోయి జరిపించారు. నేను అటు చూడలేదు. నా అబద్ధం తెలిసి పెద్దలు నన్ను ఏడాదిపాటు పాళెంలో అడుగు పెట్టొద్దన్నారు. శిక్ష తక్కువే వేశారు.

నెల తిరక్కుండా గోవిందు తెప్ప ఎక్కాడు. చెంగమ్మ మునుపటి మనిషి కాలేదు. పుండ్లు మానినా కాలు ఈడ్చేది. మాస్టారు కుదిరినప్పుడల్లా పోయి ఆమె గుమ్మం దగ్గర కాసేపు కూర్చొచ్చేవారు. ఏం మాట్లాడుకుంటారని అడిగితే, “ఏమీ లేదు” అనేవారు. 1966లో ఆయనా పోయారు. చివరి రోజుల్లో మంచం మీదే గడ్డం గీశాను. నేనేం చెబుతానో చూద్దామన్నట్టు, “ఎట్లా ఉన్నానురా?” అన్నారు. “బాగాలేరు మాస్టారూ” అన్నాను. నా చెయ్యి పట్టుకుని నవ్వారు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదే. ఎదుటివాడి మెడ బిగిస్తే అది నా కత్తికి అడ్డమనుకునేవాణ్ణి. అది వాడి బాధ అని, వదులయ్యేదాకా ఆగడమే నా పని అని ఆలస్యంగా తెలిసింది. హాస్యమాడటం మానలేదు, అది నాతోనే పోతుంది. ఆశ పెట్టే మాట మాత్రం మళ్ళీ అల్లలేదు.

మాస్టారు పోయిన మరుసటేడు గోవిందు కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయడానికి పాళేనికి పోయాను. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది చెంగమ్మ. ఇన్నేళ్ళూ గొంతులో ఉన్న మాట ఆ రోజు బయటికి వచ్చింది.

“అక్కా, ఆ పొద్దు నించి నేను మారినాను. నీ వల్లే నాకు బుద్ధొచ్చింది.”

ఆమె బిడ్డ తల నా వైపు తిప్పి పట్టుకుంటూ అంది:

“నీకు బుద్ధి రావడానికి నా మొగుడు రెండు మాట్లు సావాల్సొచ్చిందా రవణా?”